ఆర్.ఈ.ఎం.: తొలి ఈపీనా, తొలి ఆల్బమా?

అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఈ.ఎం. తొలి ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) ‘క్రానిక్ టౌన్’ 1982లో వచ్చింది. అందులో ఉన్నవి 5 పాటలే, దాదాపు 20 నిమిషాలు. నిర్మాత మిచ్ ఈస్టర్ తన తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో పెట్టుకున్న స్టూడియోలో రికార్డయింది. గాయకుడు మైకేల్ స్టైప్ గొణుగుడులో సగం మాటలు పట్టుబడవు. విమర్శకులను లాగింది ఆ మసకే. న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్ జరిపిన విమర్శకుల ఓటింగులో ఆ ఏడాది ఈపీల్లో 2వ స్థానం దక్కింది. కాకపోతే అది ఈపీలకు విడిగా వేసిన జాబితా, ఆల్బమ్‌లతో పోటీ లేదు.

1983 నాటి తొలి ఆల్బమ్ ‘మర్మర్’ 12 పాటలది. రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను కూడా పక్కనపెట్టి దీన్నే ఆ ఏటి మేటి ఆల్బమ్ అన్నారు. పేరు తెచ్చింది ఇదే, సందేహం లేదు. పీటర్ బక్ గిటార్ తీగలను ఒక్కొక్కటిగా మీటే తీరు వినాలంటే మాత్రం ఈపీయే నయం. ఆల్బమ్‌లో పియానో, అకూస్టిక్ గిటార్ పొరలు దాన్ని కొంత కప్పేశాయి.