ఆరు గంటలన్నారు, పదకొండు పట్టింది: మాంట్ బ్లాంక్ కొండల్లో మూడు కనుమల రోజు

ముందు డబ్బు సంగతి చెప్తాను. ఇది రాయడానికి కూర్చోబెట్టింది అదే. ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్ చుట్టూ తిరిగే నడకదారిలో ఐదు రాత్రుల బసకి ఒక బుకింగ్ సంస్థ మా దగ్గర మనిషికి రాత్రికి 118 యూరోలు తీసుకుంది. ముగ్గురికి 1,770 యూరోలు. తీరా వెళ్ళాక కొండ సత్రాల గోడల మీద ధరల పట్టికలు చూస్తే పడక, రాత్రి భోజనం, పొద్దున రొట్టె, కాఫీ అన్నీ కలిపి 60కీ 70కీ మధ్యే ఉంది. అంటే దాదాపు 800 యూరోలు, అప్పటి మన లెక్కలో 72 వేల రూపాయలు మధ్యవాళ్ళకి పోయాయి. ఆ డబ్బుకి సరైన సమాచారమైనా ఇచ్చి ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని. ఇవ్వలేదు. రెండో రోజు మేం పడ్డ కష్టమంతా దానివల్లే.

మేం ముగ్గురం: నేను, మా వారు, మా ఆడపడుచు. మేమిద్దరం జర్మనీలో ఉంటాం. ఆడపడుచు విజయవాడ నుంచి వచ్చింది. టికెట్ తీసుకున్న రోజు నుంచీ పొద్దున్నే లేచి ఇంద్రకీలాద్రి మెట్లెక్కి దిగుతూ కాళ్ళు అలవాటు చేసుకుంది. గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. ఆ సంగతి బుకింగ్ ఫారంలో స్పష్టంగా రాశాం.

ఈ దారి మొత్తం దాదాపు 170 కిలోమీటర్లు. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా తిరిగి మొదలైన చోటికే వస్తుంది. మొదటి రోజు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. రాత్రికి 1,459 మీటర్ల ఎత్తున ఉన్న నాం బొరాం సత్రంలో పడుకున్నాం. నిద్ర బాగా పట్టింది, సూప్ బాగుంది.

రెండో రోజు కోసం సంస్థ పంపిన కాగితంలో ఉన్నది ఇంతే: 'నాం బొరాం నుంచి మోత్తే వరకు. ఆరు గంటలు. మధ్యస్థం. ఎనిమిదింటికి బయల్దేరితే చాలు.' మంచు ఉండదని, మామూలు బూట్లు సరిపోతాయని ఫోన్లో కూడా చెప్పారు. ఆ దారిలో మూడు కనుమలు దాటాలి. కోల్ దు బొనొమ్ 2,329 మీటర్లు. ఆ తర్వాత క్రువా దు బొనొమ్ 2,479. అక్కడి నుంచి కోల్ దే ఫూర్, 2,665. ఈ చుట్టులో ఇంతకంటే ఎత్తైన చోటు లేదు, స్విట్జర్లాండ్ వైపు ఇంకో కనుమ దీనికి సమానంగా ఉందంతే. ఎక్కేది సుమారు 1,250 మీటర్లు, ఆపైన దిగేది దాదాపు 900. దారి పక్క బోర్డుల మీద వేసిన సమయాలు కూడుకుంటూ పోతే ఏడున్నర గంటలు తేలింది. బోర్డు మీద ఉండేది ఆగకుండా నడిస్తే పట్టే సమయం. తిండికీ, ఊపిరి తీసుకోవడానికీ, బూటు లేసు కట్టుకోవడానికీ మీరే కలుపుకోవాలి.

ఎనిమిదింపావుకి బయల్దేరాం. లా బాల్మ్ సత్రం దాకా ఆవుల మెడగంటల మధ్య హాయిగా నడిచాం. ఆ తర్వాత ఎక్కుడు. ప్లాన్ దే దామ్ అనే చదునులో పెద్ద రాళ్ళ కుప్ప ఉంది. పూర్వం ఒక దొరసానీ ఆమె దాసీ గాలివానలో చిక్కుకుని అక్కడే చనిపోయారని కథ. వచ్చేపోయేవాళ్ళు తలా ఒక రాయి వేస్తారు. మేమూ వేశాం. మొదటి కనుమ ఎక్కేసరికి పన్నెండు. గాలి ఈడ్చి కొడుతోంది. అక్కడున్న చిన్న చెక్క గదిలో నిలబడి బ్రెడ్డు తిన్నాం.

మొదటి కనుమ నుంచి రెండోదానికి వెళ్ళే దారి కొండ పక్కనే అడ్డంగా, బండల మీదుగా పోతుంది. జులై మొదటి వారం కావడంతో మధ్యమధ్య మంచు ఇంకా మిగిలే ఉంది. కుడిపక్క పల్లం. జారితే ఎక్కడ ఆగుతామో తెలియదు. మా ముందు వెళ్ళేవాళ్ళు బూట్లకి ఇనుప ముళ్ళ పట్టీలు తగిలించుకున్నారు. ఊళ్ళో దుకాణంలో వాటిని చూసి కూడా, మంచు ఉండదన్న మాట నమ్మి మేం కొనలేదు. అంతకుముందే అడుగులు పడిన గుంటల్లో మడమలు దించుకుంటూ, కర్ర గుచ్చుకుంటూ ఒక్కొక్కరమే దాటాం. మా వారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి భయమేసినా కోపమొచ్చినా మాట ఆగిపోతుంది, ఆ రోజు రెండూ ఉన్నాయి. నాలుగో మంచు ముక్క దగ్గర ఆడపడుచు ఆగిపోయింది. "వదినా, నా కాళ్ళు వణుకుతున్నాయి, నువ్వు నా వెనకాలే ఉండు" అంది. ఆ మాట విన్నప్పుడు ఆ కాగితం రాసినవాళ్ళ మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. సముద్రమట్టంలో పుట్టి పెరిగినవాళ్ళని మంచు వాలు మీదకి పంపేటప్పుడు ఒక్క వాక్యం రాయలేకపోయారా?

గంట దారికి గంటా నలభై నిమిషాలు పట్టింది. రెండో కనుమకి కాస్త దిగువన, 2,443 మీటర్ల దగ్గర క్రువా దు బొనొమ్ సత్రం ఉంది. ఫ్రెంచ్ పర్వతారోహణ క్లబ్బుది. మా రోజు బాగుపడింది అక్కడే.

బూట్లు విప్పి లోపలికి వెళ్ళి మూడు ఆమ్లెట్లు, మూడు టీలు చెప్పాం. 47 యూరోలైంది. అంత ఎత్తుకి సామాను ఎలా చేరుతుందో తెలిస్తే ఆ ధర ఎక్కువనిపించదు. అక్కడ పనిచేసే ఆవిడ మా మొహాలు చూసి రాత్రికి ఎక్కడ ఆగుతారని అడిగింది. మోత్తే అన్నాను. గడియారం చూసింది, బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది. మ్యాపు తీసి బల్ల మీద పరిచి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా నింపాదిగా చెప్పింది: "కోల్ దే ఫూర్ దగ్గర మంచు ఉంది, కానీ వాలు తక్కువ. మూడున్నరలోపు పైన ఉండండి. ఈలోగా ఉరుము వినబడితే వెనక్కి తిరిగి లే షాప్యూకి దిగిపోండి. అక్కడి నుంచి విల్ దే గ్లాసియేకి చిన్న బస్సు ఉంటుంది." మా సంస్థ కాగితంలో ఈ రెండో దారి ఊసే లేదు.

ఆవిడ అంతటితో ఆగలేదు. అడక్కుండానే ఫోన్ తీసి మోత్తే సత్రానికి చేసింది. ముగ్గురు భారతీయులు ఆలస్యంగా వస్తారు, భోజనం తీసి ఉంచండి అని చెప్పింది. కొండ సత్రంలో రాత్రి భోజనం అందరికీ ఒకేసారి, చెప్పిన వేళకే పెడతారు. చెప్పకుండా ఆలస్యమైతే తిండి మాట అటుంచి, మనకేదో ప్రమాదం జరిగిందని వాళ్ళు కంగారుపడతారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "మీలో ఎవరైనా మాంసం తినరా? వాళ్ళ లిస్టులో లేదు" అంది. నేను ఆడపడుచుని చూపించాను. మళ్ళీ ఫోన్ చేసింది! ఫోన్లకి ఏమైనా ఇవ్వమంటారా అంటే చెయ్యి అడ్డంగా ఊపింది.

మూడుంపావుకి కోల్ దే ఫూర్ మీద ఉన్నాం. మేఘం పక్కకి తప్పుకుంది. ఎదురుగా ఎగ్వీ దే గ్లాసియే శిఖరం, దాని ఒంటిని పట్టుకుని గ్లేసియర్. మా వారు ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి "బాగుంది" అన్నారు.

దిగుడు మాత్రం మోకాళ్ళు తినేసింది. నల్లటి పలకరాయి పొడి, తడిస్తే సబ్బులా జారుతుంది. వాగులు దాటాలి. ఎక్కడో మార్మోట్లు, అంటే బొరియల్లో ఉండే కొండ ఉడతలు, ఈల వేస్తూనే ఉన్నాయి, తల తిప్పి చూసే ఓపిక కూడా లేదు. ఇక్కడ చేతికర్రలు రెండూ ఉండాల్సిందే, ఒకటి చాలదు. విల్ దే గ్లాసియే చేరేసరికి ఆరూ ముప్పావు. బోఫోర్ అనే జున్ను (మన జున్ను కాదు, చీజ్) చేసే ఊరు అది. అక్కడి నుంచి మోత్తే అరగంట లోపే, కానీ ఆ కొంచెం ఎక్కుడు చాలా పొడుగనిపించింది. ఏడుంపావుకి గుమ్మంలో ఉన్నాం. పదకొండు గంటలు.

మోత్తే ఒకప్పుడు పశువుల కొట్టాలున్న పాడి క్షేత్రం. ఇప్పుడు ఆ కొట్టాల్లోనే వరసగా పడకలు. అందరూ తినడం మొదలుపెట్టేశారు. మా మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గిన్నెల మీద మూతలున్నాయి. వడ్డించే అబ్బాయి నేరుగా ఆడపడుచు దగ్గరికి వచ్చి "సాం వియాండ్?" అని అడిగాడు. మాంసం లేకుండా అని అర్థం. శాకాహారులు ఈ ఒక్క ముక్క నేర్చుకుని వెళ్ళండి. కూరగాయల సూప్, మొక్కజొన్న రవ్వ సంకటి, ఆమ్లెట్, పెద్ద జున్ను ముక్క పెట్టారు. బోఫోర్‌ని దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో తోడుపెడతారని నాకు తెలుసు. ఆ సంగతి తనకి చెప్పకుండా ఉండలేకపోయాను. తను జున్ను పక్కన పెట్టి మిగతాదంతా రెండుసార్లు పెట్టించుకుని తింది. "మన ఇంట్లో కూడా ఇంత కడుపునిండా తినలేదు వదినా" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అలసటకో దేనికో.

ఈ దారికి వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. మధ్యవాళ్ళ చేతిలో పెట్టకండి. ఈ దారిలోని సత్రాలకి ఉమ్మడి వెబ్‌సైటు ఉంది, ఇంగ్లీషులోనే బుక్ చేసుకోవచ్చు. జులై, ఆగస్టుల కోసం ముందు సంవత్సరం శరదృతువులోనే మొదలుపెట్టండి, ఆలస్యమైతే దొరకవు. ఒంటికి సరిపడే పల్చటి దుప్పటి సంచి తప్పనిసరి, అది లేకుండా పడుకోనివ్వరు. నగదు ఉంచుకోండి. జులై మొదట్లో వెళ్తే ముళ్ళ పట్టీలు కొనండి. అన్నింటికంటే ముఖ్యం, మీలో ఒక్కరికి కొండ కొత్తయినా ఈ మూడు కనుమల్ని ఒక్క రోజులో పెట్టుకోకండి. క్రువా దు బొనొమ్‌లో ఒక రాత్రి ఆగండి. మా సంస్థ చేయాల్సిన పని అదే.

మర్నాడు సేన్ కనుమ దాటి ఇటలీలో దిగాం, ఎండ, ఏ గొడవా లేదు. అక్కడి కుర్మాయోర్ ఊరు చేరాక ఆ సంస్థకి అన్నీ వివరంగా రాశాను. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది: 'అసౌకర్యానికి చింతిస్తున్నాం, వచ్చే బుకింగ్‌లో వాడుకోవడానికి 50 యూరోల కూపన్.' వద్దని రాశాను. క్రువా దు బొనొమ్ ఆవిడకి మాత్రం జర్మనీ రాగానే ఒక పోస్ట్‌కార్డు పంపాం. పేరు తెలియదు కాబట్టి 'జులైలో మాకోసం రెండుసార్లు ఫోన్ చేసినావిడకి' అని సత్రం చిరునామాకే రాశాం.