లాసన్స్ బేలో ఒక కథా సాయంత్రం: ఇరవై ఎద్దులకి కొన్న దాది

మొన్న శనివారం విశాఖలో లాసన్స్ బే దగ్గర ఒక చిన్న కేఫ్ మేడ మీద కథ చెబుతున్నారంటే అమ్మమ్మని తీసుకెళ్లాను. మనిషికి 200 రూపాయలు, టీ అందులోనే. గ్రీకు కథ. ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన ఒడిస్సియస్ 20 ఏళ్లకి ఇతాకాలో తన ఇంటికి చేరడం. కానీ చెప్పేది అతను కాదు, భార్య పెనెలోపి కూడా కాదు, అతనికి పాలిచ్చి పెంచిన ముసలి దాది యూరిక్లియా. "నా వెల ఇరవై ఎద్దులు" అని మొదలుపెట్టింది కథ చెప్పే అమ్మాయి. ఆ ఒక్క మాటకే టీ గ్లాసు కింద పెట్టేశాను.

కాళ్లు కడిగే ఘట్టం కోసమైనా వెళ్లాలి. బిచ్చగాడి వేషంలో వచ్చిన ఒడిస్సియస్ కాళ్లు కడుగుతుంటే మోకాలి పైన పాత మచ్చ ఆవిడ చేతికి తగులుతుంది, కుర్రతనంలో తాతగారింటికి వెళ్లినప్పుడు పర్నాసస్ కొండ మీద అడవి పంది చీల్చిన మచ్చ అది. అమ్మాయి నిజంగానే ముందు నీళ్ల పళ్లెం పెట్టుకుని, అందులో చేతులు ఆడిస్తూ చెబుతోంది. మచ్చ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి, మాట లేదు, తర్వాత పళ్లెం ఖంగుమని పక్కకి ఒరిగి నీళ్లు మా చాప దాకా వచ్చాయి. నోరెత్తొద్దని అతను ఆవిడ గొంతు పట్టుకుంటే, అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "పాలిచ్చినదాని గొంతేనటే?" అంది.

అలాగని దాదిని దేవతని చేసి వదిలేయలేదు, నాకు అదే ఎక్కువ నచ్చింది. ఇంట్లో 50 మంది దాసీలు. పెనెలోపిని పెళ్లాడతామని తిష్ట వేసినవాళ్లతో తిరిగారని అందులో 12 మందిని పట్టిచ్చింది ఈవిడే, వాళ్లని ఉరి తీశారు. తనూ వెల ఇచ్చి కొన్న మనిషే కదా, ఎలా చెప్పగలిగింది? అమ్మాయి వెనకేసుకు రాలేదు, తిట్టలేదు. ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టింది, పది వేళ్లూ అయిపోయాక మళ్లీ రెండు మడిచింది. మేడంతా నిశ్శబ్దం.

లోపాలూ ఉన్నాయి. మొదలవడమే నలభై నిమిషాలు లేటు, సముద్రం గాలికి మైక్ గరగరలాడింది, యుద్ధం సంగతి సగానికి తగ్గించొచ్చు. కుర్చీలు నాలుగే, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ గంటన్నర చాప మీదే కూర్చుంది. అయినా లేవలేదు. ఊర్మిళ నిద్రని పాటగా పాడుకున్న తరం కదా, పేర్లు కొత్తవైనా దాది బాధ ఆవిడకి ఇట్టే పట్టుబడింది. మళ్లీ పెడితే అమ్మకి కూడా టికెట్ తీసుకుంటాను, కుర్చీ సంగతి మాత్రం ముందే ఫోన్ చేసి అడుగుతాను.