చలికాలపు సెలవుల కానుకలకు మూడు కిట్లు: కొవ్వొత్తి, సబ్బు, చాక్లెట్. ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

సంవత్సరం చివరి సెలవులు దగ్గరపడగానే చేతిపనుల సామాను అమ్మేచోటల్లా “ఇంట్లోనే చేసి కానుకగా ఇవ్వండి” అనే పెట్టెలు వరసకడతాయి. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యేవి కొవ్వొత్తుల కిట్, సబ్బుల కిట్, చాక్లెట్ అచ్చుల కిట్. పేరూ రంగూ మారినా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి కంపెనీలవారీగా కాకుండా సరుకునే చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాను. కొవ్వొత్తుల కిట్ మొదటిసారికి బాగానే పనికొస్తుంది, రెండోసారి నుంచి విడిగా కొనుక్కోవడమే చవక. సబ్బు కిట్‌లో డబ్బు పెట్టదగ్గది సోప్ బేస్ (కరిగించి అచ్చులో పోసుకునే తయారు సబ్బు) ఒక్కటే. చాక్లెట్ కిట్ కొనే అవసరమే లేదు. వీటన్నిటికంటే ముందు కొనాల్సినవి రెండున్నాయి: 1 గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ తూకం, లోపల ముంచి చూసే థర్మామీటర్. ఇంట్లో చేసిన కానుకలు చెడిపోయేది చాలావరకు కొలత తప్పడం వల్ల, వేడి తప్పడం వల్ల. చెయ్యి తిరగకపోవడం వల్ల చెడేవి తక్కువ.

ముందు కొవ్వొత్తుల కిట్. సాధారణంగా ఇందులో సుమారు 900 గ్రాముల సోయా మైనం, మూతి ఉన్న స్టీలు గిన్నె, 120 మిల్లీలీటర్ల రేకు డబ్బాలు ఎనిమిది, అడుగున రేకు బిళ్ళ ఉన్న నూలు వత్తులు, వాటిని అంటించే స్టిక్కర్లు, 10 మిల్లీలీటర్ల సువాసన నూనెలు మూడో నాలుగో ఉంటాయి. గిన్నె, డబ్బాలు, స్టిక్కర్లు మంచివే, మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి. మైనం కూడా చాలు. 120 మిల్లీలీటర్ల డబ్బాలో పైన కాస్త ఖాళీ వదిలి 100 మిల్లీలీటర్లు నింపితే దాదాపు 90 గ్రాముల మైనం పడుతుంది, అంటే ఎనిమిది డబ్బాలకు 720 గ్రాములు. వేరే ఏ పాత్రకైనా లెక్క ఇదే: నింపాలనుకున్న గీత దాకా నీళ్ళు పోసి తూచి, ఆ బరువును 0.9తో గుణిస్తే కావలసిన మైనం ఎంతో తేలుతుంది. ఆ తర్వాత పాత్రను పూర్తిగా ఆరబెట్టాలి. తడి చుక్క మిగిలితే వెలిగించాక వత్తి చిటపటలాడుతుంది.

కిట్ అసలు లోపం సువాసన దగ్గర బయటపడుతుంది. సోయా మైనంలో బరువును బట్టి 6 నుంచి 10 శాతం దాకా సువాసన నూనె కలపొచ్చు. గది నిండా వాసన రావాలంటే 6 శాతానికి తగ్గకూడదు. 900 గ్రాములకు అది 54 గ్రాములు. కిట్‌లో నాలుగు సీసాలూ కలిపి 40 మిల్లీలీటర్లే వచ్చినప్పుడు మొత్తం మైనానికి పంచితే 4.5 శాతం దాటదు. “వెలిగించకముందు బాగుంది, వెలిగించాక ఏ వాసనా లేదు” అన్న ఫిర్యాదుకు ఒక కారణం ఇదే. అందుకని కిట్ నూనెతో నాలుగైదు డబ్బాలు మాత్రం గట్టి వాసనతో చేసి, మిగిలిన మైనం అలాగే దాచుకోవడం మేలు. కొలత చుక్కల్లో వద్దు, గ్రాముల్లో తూచాలి. వంటల్లో వేసే ఎసెన్సులు ఇక్కడ పనికిరావు. నీళ్ళతో చేసినవైతే మైనంలో కలవకుండా అడుగున పేరుకుంటాయి.

కాచే పద్ధతి ఇది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి, మైనం గిన్నెను అందులో దించాలి. నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టొద్దు. మైనం పూర్తిగా కరిగి 85 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చాక దించి, నూనె పోసి, బుడగలు రాకుండా నిదానంగా రెండు నిమిషాలు కలపాలి. ఈ రెండు నిమిషాలు చాలామంది పది సెకన్లతో సరిపెడతారు. అప్పుడు నూనె పూర్తిగా కలవక, గడ్డకట్టాక పైన చెమట చుక్కల్లా బయటికొస్తుంది. తర్వాత 55–60 డిగ్రీలకు చల్లారనిచ్చి డబ్బాల్లో పోయాలి. ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి, ఎందుకంటే ఒక్కో రకం సోయా మైనానికి పోసే వేడి ఒక్కోలా ఉంటుంది. మరీ వేడిగా పోస్తే మధ్యలో గుంత పడుతుంది, మరీ చల్లగా పోస్తే పైభాగం గరుకుగా తేలుతుంది. గుంత పడినా కంగారు అక్కర్లేదు, హెయిర్ డ్రయ్యర్ వేడిగాలితో పైపొర కరిగిస్తే సర్దుకుంటుంది. గోడల వెంట తెల్లగా మంచుపట్టినట్టు కనిపించేది సోయా మైనం సహజ గుణమే, మంటకు దానితో ఏ ఇబ్బందీ లేదు. రంగు వేస్తే అది మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి కానుకకు రంగు లేని తెల్ల మైనమే నయం. పిల్లల క్రేయాన్లు కరిగించి రంగు వేయమనే సలహా వద్దే వద్దు. వాటిలోని రంగుపొడి వత్తిలో అడ్డుపడి మంట కొడిగట్టిపోతుంది.

కొవ్వొత్తి బాగా వెలగడం అన్నిటికంటే ఎక్కువగా వత్తి మందం మీద ఆధారపడుతుంది. కిట్‌లో వచ్చే వత్తి కిట్‌లోని డబ్బాకే సరిపోతుంది. అదే వత్తిని ఇంట్లో ఉన్న 8 సెంటీమీటర్ల వెడల్పు గాజు గ్లాసులో పెడితే మంట అంచుల దాకా మైనాన్ని కరిగించలేదు. వత్తి చుట్టూ మాత్రమే కరిగి నడుమ బావిలా దిగిపోతుంది, సగం మైనం గోడలకే వృథా. మరీ లావు వత్తి పెడితే మంట ఎగిసిపడుతుంది, నల్లటి మసి వస్తుంది, వత్తి కొసన పుట్టగొడుగు ఆకారంలో బొగ్గు కడుతుంది. అందుకే పది చేసే ముందు ఒకటి చేసి వెలిగించి చూడాలి. పాత్ర వెడల్పు అంగుళానికి గంట చొప్పున వెలిగించాక, కరిగిన మైనం అంచును తాకి సుమారు 1 సెంటీమీటరు లోతుండాలి. తాకకపోతే ఒక సైజు పెద్ద వత్తి, మసి వస్తే ఒక సైజు చిన్నది. వేడికి ఓర్వని పల్చటి గాజు గ్లాసులు, పగులున్న కప్పులు, చెక్క గిన్నెలు వాడకూడదు.

పోసిన మర్నాడే ఇచ్చేయడం కూడా తొందరే. సోయా మైనంలో సువాసన పూర్తిగా కుదురుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, మూత పెట్టి నీడలో ఉంచాలి. కానుకతో పాటు ఒక చీటీ తప్పనిసరిగా పెట్టండి: వత్తి 5 మిల్లీమీటర్లకు కత్తిరించి వెలిగించాలి, మొదటిసారి అంచుల దాకా కరిగేవరకు ఆర్పొద్దు, ఒకేసారి నాలుగు గంటలు మించొద్దు, అడుగున 1 సెంటీమీటరు మిగిలాక ఇక వెలిగించొద్దు. కాచేటప్పుడు మైనానికి నిప్పంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. నీళ్ళు పోస్తే మంట ఎగజిమ్ముతుంది. మిగిలిన మైనం సింకులో పోస్తే పైపు గడ్డకట్టి మూసుకుపోతుంది, కాగితపు కప్పులో పోసి దాచుకోండి.

సబ్బు కిట్ దగ్గరికొస్తే, కరిగించి పోసే సోప్ బేస్ నిజంగా మంచి సరుకు. ఇది అప్పటికే తయారైన సబ్బు కాబట్టి ఘాటైన క్షారంతో మనకు పని లేదు, పక్కన పెద్దవాళ్ళు ఉంటే పిల్లలు కూడా చేయొచ్చు. కానీ కిట్‌లో అచ్చులకూ, మెరుపు పొడులకూ, రంగు కాగితాలకూ కలిపి డబ్బు గుంజుతారు. 1 కిలో బేస్ విడిగా కొంటే 100 గ్రాముల సబ్బులు పది వస్తాయి, అచ్చుకు కేకుల సిలికాన్ ట్రే చాలు. దాంతో పాటు క్లింగ్ ఫిల్మ్ (చుట్టడానికి వాడే పల్చటి ప్లాస్టిక్ పొర) కొనడం మరిచిపోవద్దు. బేస్‌లోని గ్లిసరిన్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువున్న చోట గంటల్లోనే సబ్బు మీద చుక్కలు నిలుస్తాయి. అచ్చు నుంచి తీయగానే గాలి దూరకుండా బిగుతుగా చుట్టేయాలి. గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెడితే ఆ చెమట ఇంకా ఎక్కువ.

బేస్‌ను చిన్న ముక్కలుగా కోసి, కరిగితే చాలన్నంత వేడి మాత్రమే ఇవ్వాలి. 70 డిగ్రీలు దాటితే అదోరకం వాసన వస్తుంది, తెల్లది పసుపు తిరుగుతుంది. సువాసన 1 నుంచి 2 శాతం, అంటే కిలోకు 10–20 గ్రాములు. చర్మానికి వాడదగ్గదని సీసా మీద రాసి ఉన్న నూనె అయితేనే. కొవ్వొత్తుల నూనెలన్నీ ఒంటికి పడవు. దాల్చినచెక్క, లవంగం నూనెలు చలికాలానికి అందరూ కోరుకునే వాసనలే గాని చర్మాన్ని మండిస్తాయి, సబ్బులో వాటి జోలికి పోకపోవడం మంచిది. మెత్తగా ఉంటుందని అదనంగా నూనెలు పోస్తే నురగ తగ్గి సబ్బు మెత్తబడిపోతుంది. పాలు, పండ్ల గుజ్జు వేస్తే కుళ్ళుతుంది. ఎండు పూరేకులు మొదటి వారం అందంగా ఉండి తర్వాత గోధుమరంగులోకి మారిపోతాయి. రంగు నిలిచేది బంతిపువ్వును పోలిన కాలెండ్యులా ఒక్కటే అనుకోవచ్చు. ఓట్స్ పొడిలాంటివి వేస్తే అడుగుకు దిగకుండా, బేస్ 50 డిగ్రీల దగ్గరికి చల్లారి చిక్కబడ్డాక కలిపి పోయాలి. పైన తేలే బుడగలకు రబ్బింగ్ ఆల్కహాల్ (చర్మం శుభ్రం చేయడానికి వాడే స్పిరిట్) ఒక్కసారి స్ప్రే చేస్తే చాలు. రెండు రంగుల పొరలు వేసేటప్పుడు కూడా మధ్యలో అదే స్ప్రే ఉండాలి, లేకపోతే వాడుతుండగా పొరలు విడిపోతాయి.

చాక్లెట్ కిట్ సంగతి చిన్నది. అందులో ఉండేది కాంపౌండ్ చాక్లెట్, అచ్చులు, రంగు రేకు కాగితాలు. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వృక్షకొవ్వు ఉంటుంది, అందుకే కరిగించి పోస్తే చాలు, గట్టిపడి మెరుస్తుంది. సులువు నిజమే, రుచి మాత్రం అంతంతే. అసలు డార్క్ చాక్లెట్ బిళ్ళ కొని, మూడింట రెండు వంతులు 45 డిగ్రీలకు కరిగించి, మిగిలిన వంతు సన్నగా తరిగి కొంచెం కొంచెంగా కలుపుతూ 31–32 డిగ్రీలకు దించితే అదే మెరుపూ, విరిస్తే అదే చప్పుడూ వస్తాయి. మిల్క్ చాక్లెట్‌కు 29–30. ఈ పని వదిలేస్తే మర్నాటికి బూడిదరంగు చారలు తేలతాయి. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టిపోతుంది, కాబట్టి గిన్నె, గరిటె, అచ్చు అన్నీ పొడిగా ఉండాలి. రంగులూ వాసనలూ నూనెతో చేసినవే వాడాలి. ఒక జాగ్రత్త: మైనంలో ముంచిన థర్మామీటర్‌నూ గిన్నెనూ తిండి పదార్థాలకు వాడకూడదు, తిండికి వేరేవి పెట్టుకోండి.

కిట్ డబ్బు మిగిలితే కుకీల జాడీ చేయండి, ఇచ్చేవాళ్ళకు ఖర్చు తక్కువ, పుచ్చుకునేవాళ్ళకు పనికొచ్చే వస్తువు. 1 లీటరు పొడి జాడీలో ముందు 220 గ్రాముల మైదాలో ముప్పావు టీస్పూన్ చొప్పున వంటసోడా, ఉప్పు బాగా కలిపి పోయాలి. దాని మీద 100 గ్రాముల పంచదార, ఆపైన 150 గ్రాముల బ్రౌన్ షుగర్ గట్టిగా అదిమి, పైన 170 గ్రాముల చాక్లెట్ చిప్స్. ప్రతి పొరనూ చెంచాతో నొక్కకపోతే దారిలోనే కలిసిపోయి చారల అందం పోతుంది. సోడాను మాత్రం మైదాలోనే కలపాలి, బ్రౌన్ షుగర్‌లో తేమా కొంత ఆమ్లగుణమూ ఉండడం వల్ల దాన్ని తాకుతూ ఉంటే సోడా బలం తగ్గుతుంది. జాడీకి కట్టే చీటీలో రాయాల్సింది: 170 గ్రాముల మెత్తటి వెన్న, 1 గుడ్డు, ముప్పావు టీస్పూన్ వెనిల్లా కలిపి, చిన్న ఉండలు పెట్టి 190 డిగ్రీల వేడిలో 9 నుంచి 11 నిమిషాలు కాల్చాలి. జాడీ నింపిన తేదీ, లోపల గోధుమ, పాలు, సోయా ఉన్నాయన్న సంగతి కూడా అదే చీటీ మీద ఉండాలి. బ్రౌన్ షుగర్ గట్టిపడకముందే, రెండు మూడు నెలల్లో వాడేయమని చివర్లో రాయండి.