మూడేళ్ల బెంగళూరు ట్రాఫిక్‌లో సిరామిక్ బ్రేక్ ప్యాడ్లు: నా అనుభవం

ముందే చెప్పేస్తాను. సిరామిక్ ప్యాడ్లు, అంటే డిస్కును రెండు వైపులా నొక్కి బండిని ఆపే బ్రేకు ప్యాడ్లలో సిరామిక్ పదార్థంతో చేసిన రకం, మంచివే. కానీ వాటితో బండి ఏదో చటుక్కున ఆగిపోతుందని కొంటే నిరాశ తప్పదు. నేను కొన్నది చప్పుడు తగ్గాలని, ప్యాడ్ల దుమ్ముతో అల్లాయ్ చక్రాలు వారానికోసారి నల్లబడకుండా ఉండాలని. ఆ రెండూ జరిగాయి. మిగతా బ్రేకు జబ్బులకు ప్యాడ్లు మందు కాదని మాత్రం ఈ మూడేళ్లలో బాగా అర్థమైంది.

నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. రోజూ మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డ్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీదే. వీలైనప్పుడల్లా కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు, అక్కడి నుంచి తిరుపతి. ప్యాడ్లు జేసీ రోడ్డులో బిల్లు తీసుకుని కొన్నాను. మామూలు వాటికన్నా ధర బాగానే ఎక్కువ.

కొత్తగా వేయించగానే రాత్రిపూట ఖాళీ రోడ్డు చూసుకుని, 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపాలి. అలా చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచని పొరలా సమంగా అంటుకుంటుంది. ఈ పని చాలా షాపుల వాళ్లు చెప్పరు. ఇది ఎగ్గొట్టి, తర్వాత పెడల్ అదురుతోందని ప్యాడ్లను తిట్టుకునేవాళ్లు మాత్రం చాలామంది. ఒక లోటు ఉంది: డిసెంబరు పొద్దుటి చలిలో మొదటి రెండు మూడు బ్రేకులు కాస్త బద్ధకంగా పడతాయి. వాన కురిసిన మర్నాడు పొద్దున వచ్చే గరగర డిస్కుకు పట్టిన తుప్పుది. వీధి దాటేలోపు పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఏడాది దాటాక ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమనడం మొదలైంది. బండి కొంచెం ఎడమకు లాగేది. ఆఫీసు చేరాక చెయ్యి దగ్గర పెడితే ఆ చక్రం కుడిదానికన్నా బాగా వేడిగా తెలిసేది. సర్వీస్ సెంటర్‌లో డిస్కులు, ప్యాడ్లు రెండూ మార్చాలన్నారు. మున్నేకొళాల వైపు హిందూపురం మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. "ప్యాడ్ల జోలికి పోవద్దు సార్, ముందు పిన్నులు చూద్దాం" అన్నాడు. విప్పితే లోపలి ప్యాడ్ బయటిదానికన్నా సగం పైగా ఎక్కువ అరిగి ఉంది. ఇలాంటి బండ్లలో ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌కు, ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ లోపలివైపే ఉంటుంది. కాలిపర్ తన పిన్నుల మీద అటూ ఇటూ జరిగితేనే బయటి ప్యాడ్ కూడా పనిచేస్తుంది. పిన్ను బిగుసుకుపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే. పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టాడు. మామూలు గ్రీజు పెడితే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బి మళ్లీ అదే కథ. అంతటితో వదలకుండా, పిస్టన్ వెనక్కి పోతోందా లేదా అని నొక్కి చూశాడు. పోయింది. పోకపోతే బ్లీడర్ నిపుల్, అంటే కాలిపర్ నుంచి ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, కొద్దిగా వదులు చేసి నొక్కాలట. అప్పుడు పోతే తప్పు కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే హోస్ గొట్టంలో, అప్పటికీ పోకపోతే పిస్టన్‌లోనే. రెండు ప్యాడ్లూ మార్చాడు, డిస్కు మాత్రం అలాగే ఉంచాడు. సర్వీస్ సెంటర్ అంచనాలో పావు వంతు కూడా కాలేదు.

ఇంకో సంగతి తిరుమల ఘాట్ దిగేటప్పుడు జరిగింది. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి పోసాగింది. పక్కకు ఆపి చల్లారనిచ్చి, తర్వాత రెండో గేరులో మెల్లగా దిగాం. ఇక్కడ తేడా తెలిసి ఉండాలి. ప్యాడ్లు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడలే మెత్తబడుతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నాలుగు శాతం దాకా నీరు చేరితే 155 డిగ్రీలకే మరగొచ్చు. రెండేళ్లకోసారి మార్పించమనేది అందుకే. బెంగళూరు వచ్చాక ఆయిల్ మార్పించి బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించాను, పెడల్ మళ్లీ గట్టిపడింది. ప్యాడ్లు ఎంత ఖరీదైనవైనా ఈ పని చేయలేవు.

వెనక డ్రమ్ముల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దుమ్ము దులిపించి, హ్యాండ్ బ్రేకు బిగింపు సరిచేయిస్తే చాలు.

సిటీలోనే తిరిగేవాళ్లు నిశ్చింతగా సిరామిక్ తీసుకోవచ్చు. నిండా మనుషులతో తరచూ ఘాట్లు ఎక్కిదిగేవాళ్లకు మాత్రం కంపెనీ ఇచ్చే ప్యాడ్లే చెబుతాను. ఇప్పుడు నావి 4 మిల్లీమీటర్లు మిగిలాయి, 3కి రాగానే మళ్లీ ఇవే వేయిస్తాను. ఈసారి డిస్కు మందం కూడా కొలిపించాలి. ఎంతకన్నా తగ్గకూడదో ఆ అంకె డిస్కు మీదే చెక్కి ఉంటుంది.