12,000 రూపాయలకు టీనేజ్ పుస్తకాలు: ఇంగ్లీషు సిరీసా, తెలుగు కథలా, ఏది మేలు?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివర అసోసియేషన్ గది ఒకటి ఉంది. రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. దాన్నే మేం లైబ్రరీ అంటాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా దాన్ని తెరిచి ఉంచే పని మూడేళ్లుగా నాది. ఈసారి వేసవి సెలవులకు ముందే అసోసియేషన్ వాళ్లు 12,000 రూపాయలు చేతిలో పెట్టి, మొత్తం టీనేజ్ పిల్లల పుస్తకాలకే వాడమన్నారు.

ఆ వయసు పిల్లలకు మా దగ్గర పుస్తకాలు లేవన్న సంగతి నేను అడగకుండానే వాళ్లకు తెలిసింది. మా దగ్గర చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలున్నాయి, పెద్దవాళ్ల నవలలున్నాయి, భక్తి పుస్తకాలు బోలెడున్నాయి. ఏడో తరగతి దాటిన పిల్ల వచ్చి నిలబడితే ఇవ్వడానికి మాత్రం ఏమీ లేదు. బొమ్మల పుస్తకం ఇస్తే ఆ పిల్లకు చిన్నతనం. పెద్దవాళ్ల నవల ఇస్తే వాళ్లమ్మకు టెన్షన్. రెండు మూడుసార్లు వట్టి చేతులతో వెనక్కి వెళ్లిన పిల్ల నాలుగోసారి రాదు.

ఏం కొనాలో తేల్చడానికి మీటింగ్ పెడితే సగం మంది పేరున్న ఇంగ్లీషు సిరీస్‌లు తెప్పిద్దామన్నారు, పిల్లలు చదివేది అవేనని వాళ్ల వాదన. మిగతా సగం తెలుగు పుస్తకాలే కొనాలన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకని కొనే ముందు రెండు వారాలు ఇంట్లో ఉన్నవీ, అరువు తెచ్చినవీ బల్ల మీద పరిచి, ఎవరు దేన్ని ముట్టుకుంటున్నారో, ఎన్నో పేజీ దగ్గర మూసేస్తున్నారో గమనిస్తూ కూర్చున్నాను.

ముందు ఇంగ్లీషు సిరీస్‌ల సంగతి. వాటికి ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. హ్యారీ పోటర్ మొదటి భాగం 1997లో వచ్చింది, ఏడోది 2007లో. కథ మొదలయ్యేటప్పటికి ఆ కుర్రాడికి పదకొండేళ్లు, ముగిసేసరికి పదిహేడు. చదివే పిల్లలతో పాటు కథలో పిల్లాడూ పెరుగుతాడు. ఆరో తరగతిలో పట్టుకున్న పిల్ల పదో తరగతి దాకా వదలదు. "తర్వాత ఏమైంది" అన్న ఆత్రం ఒక్కటి చాలు, ఐదారు వందల పేజీలు చదవడానికి. ఫోను పక్కన పడేసి రాత్రి పదకొండింటి దాకా పుస్తకం పట్టుకున్న పిల్లల్ని ఈ సిరీసే నాకు చూపించింది.

చిక్కల్లా ఇంకోచోట ఉంది. రెండేళ్ల కిందట ఎవరో ఇచ్చిన సెట్టు ఒకటి మా బీరువాలో ఉండేది. విశాఖలో నేవీ కుటుంబాలు ఎక్కువ, బదిలీలూ ఎక్కువే. అలా వెళ్లిపోయిన ఒక ఇంటి సామాన్లలో నాలుగో భాగం కలిసిపోయింది. అంతే, సెట్టు అక్కడితో ఆగిపోయింది. మొదటి మూడూ అట్టలు నలిగి, మూలలు మడతలు పడి ఉన్నాయి. ఐదు, ఆరు, ఏడు షాపులోంచి ఇప్పుడే వచ్చినట్టు మెరుస్తూ కూర్చున్నాయి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో ఒకటి, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలని. ఆ మూడు లావు పుస్తకాలను చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. కథల పుస్తకానికి ఈ బాధ లేదు. మధ్యలో రెండు పేజీలు చిరిగినా పోయేది ఒక్క కథే.

ధర కూడా చూసుకోవాలి. ఏడు పుస్తకాల సెట్టు మూడు, నాలుగు వేలు అవుతుంది. ఆ డబ్బుకు తెలుగులో పదిహేను పుస్తకాల దాకా వస్తాయి. పదిహేను పుస్తకాలంటే ఒకే సాయంత్రం పదిహేను మంది పిల్లలు తలో పుస్తకంతో ఇంటికి వెళ్లడం.

అయితే తెలుగు పుస్తకం కొన్నంత మాత్రాన పిల్లలు చదివేస్తారా? చదవరు. ఈ విషయం దాచుకుంటే లాభం లేదు. మా కాలనీ పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం. తెలుగు వచ్చు, గడగడా మాట్లాడతారు. చదవమంటే మాత్రం వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. పదిహేనేళ్ల పిల్లకు అలా చదవడం సిగ్గు. అలాంటి పిల్ల చేతిలో రెండొందల పేజీల తెలుగు నవల పెడితే దండించినట్టే. ఐదారు పేజీల్లో అయిపోయే కథ అయితేనే ఆ సిగ్గును దాటనిస్తుంది.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి చాసో కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఇచ్చాను. చాగంటి సోమయాజులు మన పక్కనున్న విజయనగరం రచయిత. ఫీజు కట్టలేక బడి మాన్పించిన కుర్రాణ్ని వాళ్ల నాన్న చుట్టలు తెమ్మని పంపిస్తాడు. దారిలో హైస్కూలు ఉంది, తన తోటి పిల్లలు ఉన్నారు. చేతిలో డబ్బులు పట్టుకుని ఆ బడి ముందు నుంచి ఎలా నడవడం? కథంతా ఆ నడకే. అమ్మాయి మొదటి పేజీకి ఏడు నిమిషాలు తీసుకుంది. "చుట్టలంటే ఏంటి ఆంటీ" అని ఒకసారి అడిగింది. తర్వాత అడగడం మానేసింది. పెదాలు కదపడం కూడా ఆగిపోయింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి, "వాడు మళ్లీ బడికి వెళ్తాడా?" అంది. చదువు, తెలుస్తుందన్నాను. ఎనిమిది అయిపోయినా గది తాళం వేయకుండా కూర్చున్నాను.

ఆ ఒక్క సాయంత్రం నాకు సగం జాబితా రాసి పెట్టింది.

తెలుగులో చిన్ననాటి కథల సంపుటాలు మంచివి చాలానే ఉన్నాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు వైపు ఒక ముస్లిం ఇంట్లో పెరిగిన కుర్రాడి లోకం. నామిని 'మిట్టూరోడి కథలు' చిత్తూరు పల్లె. చిన్న చిన్న కథలు, నవ్వు, ఆకలి, అమ్మ తిట్లు, అన్నీ ఉంటాయి. "ఈ మాటలు మనవి కావు ఆంటీ" అన్నాడొక అబ్బాయి నామిని పుస్తకం రెండు పేజీలు తిరగేసి. నిజమే, యాస కొత్త. నేను అదే పేజీ బిగ్గరగా చదివి వినిపించాను. చెవికి వినపడగానే అర్థమైపోయింది, నవ్వేశాడు, పుస్తకం తీసుకెళ్లాడు. యాసలో రాసిన పుస్తకాన్ని కళ్లతో కాకుండా ముందు చెవితో మొదలుపెట్టించాలి. ఈ పిల్లల ఇళ్లలోనే నాయనమ్మలు "ఏటి", "బేగి రా" అంటారు. బడి పుస్తకంలో ఆ మాటలు ఎప్పుడూ కనపడవు కాబట్టి, అచ్చులో కనపడితే అది తప్పేమో అనుకుంటున్నారు. తప్పు కాదని వాళ్లకు చెప్పేది ఇలాంటి పుస్తకాలే.

ఇక్కడ ఒక హద్దు పెట్టుకున్నాను. మన విశాఖ రచయితే కదా అని రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' పదమూడేళ్ల పిల్లలకు ఇవ్వను. సారా, కోర్టులు, పోలీసులు, పేదల బతుకు, అదంతా ఇంటర్‌కి వచ్చాక చదివితే బలంగా తగులుతుంది. కారా (కాళీపట్నం రామారావు) 'యజ్ఞం' కూడా అంతే, ఆ ముగింపు మోయడానికి కొంచెం వయసు కావాలి. ఆ రెండూ పై అరలో పెట్టాను, అడిగిన ఇంటర్ పిల్లలకు ఇస్తాను. విడి కథలు కావాలనుకునేవాళ్లకు శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథల లైబ్రరీ కథానిలయం ఉంది, దాని వెబ్‌సైట్‌లో వేల తెలుగు కథలు స్కాన్ చేసి పెట్టారు. పైసా ఖర్చు లేదు.

ఇంగ్లీషు సిరీస్‌కీ తెలుగు కథలకీ మధ్య మూడో దారి ఒకటుంది, అనువాదాలు. మీటింగ్‌లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. బల్ల మీద మాత్రం అన్నిటికన్నా ఎక్కువ చేతులు మారింది 'రైలుబడి'. జపాన్‌లో తెత్సుకో కురొయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసి 1981లో వేసిన 'తొత్తోచాన్'కు ఇది తెలుగు. ఒకటో తరగతిలోనే బడిలోంచి తీసేసిన పిల్లను వాళ్లమ్మ పాత రైలు పెట్టెల్లో నడిచే ఇంకో బడికి తీసుకెళ్తుంది. హెడ్మాస్టర్ కొబాయాషి ఆ పిల్ల ఎదురుగా కుర్చీ వేసుకుని, నాలుగు గంటల పాటు ఆమె చెప్పిందంతా విన్నాడు. మా బల్ల దగ్గర ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి అక్కడ ఆగి, "నాలుగు గంటలా!" అన్నాడు. తన మాట నాలుగు నిమిషాలు విన్న పెద్దవాళ్లు ఉన్నారో లేదో గానీ, ఆ గొంతు నాకు ఇంకా వినపడుతోంది.

అదే పుస్తకంలో ఆ పిల్ల పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతుంది. పొడుగు గరిటె తెచ్చి గుంటలో ఉన్నదంతా తోడి బయట పోస్తుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టర్ తిట్టడు, సాయం కూడా చేయడు. అయిపోయాక అదంతా తిరిగి లోపల వేసేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్లిపోతాడు. ఈ పేజీ దగ్గర మగపిల్లలు పడీ పడీ నవ్వుతారు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఆ బడిలో పిల్లల భోజనం డబ్బాలో కొంచెం సముద్రం నుంచి, కొంచెం కొండల నుంచి ఉండాలని హెడ్మాస్టర్ చెబుతాడు. విశాఖ పిల్లలకు ఇంతకన్నా దగ్గరి మాట ఏముంటుంది? ఒకవైపు బీచ్, ఇంకోవైపు కైలాసగిరి, సింహాచలం. మా పిల్లలు వెంటనే వాళ్ల డబ్బాలు లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. నెత్తళ్ల వేపుడు సముద్రం. వంకాయ కూర కొండ. కోడిగుడ్డు ఎటు వెళ్తుందని అరగంట వాదించుకున్నారు. పేజీల్లో తోక్యో ఉంది, బల్ల చుట్టూ ఉన్నది మాత్రం విశాఖే.

అన్నా ఫ్రాంక్ డైరీ కూడా ఈ వరుసలోదే. మేం తెచ్చింది ఇంగ్లీషు ప్రతి. 1942 జూన్‌లో పదమూడో పుట్టినరోజుకు వచ్చిన డైరీలో, నెల తిరక్కుండా నాజీల నుంచి దాక్కోవాల్సి వచ్చిన యూదు పిల్ల రాసుకున్న మాటలు. యుద్ధం గురించి అనుకుని తీసుకున్న అమ్మాయిలు, అందులో అమ్మతో పోట్లాటలు చూసి ఆశ్చర్యపోయారు. ఆ వయసుకు ఆ పుస్తకం తగినట్టు ఇంకేదీ తగలదు.

విజయం సాధించడం ఎలా, టాపర్ అవడం ఎలా అనే పుస్తకాలు ఇద్దరు తండ్రులు గట్టిగా అడిగారు. నేను ఒప్పుకోలేదు. కోచింగ్‌లో రోజంతా వినే మాటలే మళ్లీ లైబ్రరీలో కూడా ఎందుకు? వాటి బదులు అబ్దుల్ కలాం ఆత్మకథ తీసుకోమన్నాను. వాడ్రేవు చినవీరభద్రుడు 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, నడుస్తున్న రైల్లోంచి పేపర్ల కట్టలు విసిరేవారు. వాటిని ఏరుకోవడానికి బంధువుకు సాయం వెళ్లడమే ఆయన మొదటి సంపాదన. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి వెళ్లిన, ఆయన నడిపించిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మన బంగాళాఖాతంలోనే పడిపోయింది. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఆ పదకొండు నెలలు ఎలా గడిచాయో చదివిన పిల్లకు, ఒక పరీక్ష పోయిన రోజున అది పనికొస్తుంది. సలహాల పుస్తకాలు ఐదు కలిపినా అంత పని చేయవు.

కామిక్స్ గురించి గొడవ అక్కర్లేదు. ఉన్నవి చాలు, అరిగిపోతే మళ్లీ కొందాం.

విశాఖలో పుస్తకం కొనేటప్పుడు కుట్టు కూడా చూడాలి. ఉప్పు గాలికి పిన్నులు కొట్టిన పుస్తకాలు రెండు వానాకాలాలు తిరిగేసరికి తుప్పు పడతాయి, నడుమ పేజీలు ఊడొస్తాయి. నున్నటి ఆర్ట్ పేపరు చెమ్మకు అంటుకుపోతుంది. దారంతో కుట్టి, మామూలు కాగితం మీద అచ్చేసినవే మా దగ్గర నిలుస్తున్నాయి. రామబాణం పురుగుకు వేపాకు పెడతాం, నెలకోసారి మారుస్తాం.

ఇక లెక్క తేలిపోయిన చోటు చెబుతాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో, మీ పిల్లలు చదివేసిన ఇంగ్లీషు పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసే బదులు మాకివ్వండని ఒక మెసేజ్ పెట్టాను. వారంలో ఇరవై రెండు పుస్తకాలు వచ్చాయి. మాకు పోయిన నాలుగో భాగం కూడా వాటిలో ఉంది. తెలుగువి రెండే వచ్చాయి, రెండూ వంటల పుస్తకాలు. అడిగితే ఊరికే వచ్చేదానికి డబ్బు పెట్టడం ఎందుకు? ఎవరి ఇంట్లోనూ లేనిదాన్నే లైబ్రరీ కొనాలి. ఇంగ్లీషు సిరీస్ వద్దనలేదు నేను, దానికి మా 12,000లోంచి రూపాయి కూడా వద్దన్నాను.

శనివారం జాబితా ఇచ్చేశాను. తెలుగు కథలకు 5,500, అనువాదాలకూ డైరీలకూ 3,000, జీవిత కథలకూ సైన్సుకూ 2,000, అట్టలకూ కుట్టుకూ 1,500. 'రైలుబడి' రెండు ప్రతులు, చాసో కథలు మూడు. మూడెందుకని కోశాధికారి గారు అడిగారు. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మా ఒక్క ప్రతి తీసుకెళ్లి పన్నెండు రోజులైంది, ఇంకా తిరిగి తేలేదండీ అన్నాను. వాళ్ల నాన్న చదువుతున్నాడట.