డ్రైవ్‌లో కెపాసిటర్ పోయేది ముందే పట్టాలంటే ఏది మేలు: ఈఎస్ఆర్ మీటరా, రిపులా?

మా సిరొంచ దిక్కు రైస్ మిల్లు డ్రైవ్‌లు (మోటరు స్పీడు పెంచి తగ్గించే పెట్టెలు) రిపేరుకొస్తే ఓనర్లు అడిగేది ఒకటే, అన్నా ఇది పోతదని ముందే తెల్వదా అని. తెలుస్తది, ఎట్ల చూస్తున్నమన్నదే లెక్క.

ఎక్కువ మంది కెపాసిటర్ తల ఉబ్బిందా అని చూస్తరు. ఉబ్బితే మార్చాల్సిందే, కానీ ఉబ్బకుండనే లోపల ఎలక్ట్రోలైట్ ఎండిపోయినయి నా బల్ల మీదికి మస్తు వచ్చినయి.

విప్పి ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) మీటరుతో చూస్తే బాగ ఖచ్చితం. కెపాసిటీ 20 శాతం పడినా, ఈఎస్ఆర్ కొత్తప్పటికి రెండింతలైనా దాని పని అయిపోయినట్టే. కాకపోతే మిల్లు ఆపాలె, 560 వోల్టుల డీసీ బస్ (ఏసీని డీసీ చేసినంక పెద్ద కెపాసిటర్లుండే లైను) పూర్తిగ దిగేదాక ఆగాలె, పైగా చల్లగుంటే ఈఎస్ఆర్ ఎక్కువ చూపిస్తది, జనవరి పొద్దుగాల రీడింగు తీసి మే మధ్యాహ్నం దానితోని పోల్చొద్దు.

రిపుల్ (డీసీ మీద మిగిలే ఏసీ అల) అట్ల కాదు, మిల్లు నడుస్తుంటేనే చూడొచ్చు. మీటరు ఏసీ రేంజ్‌లో పెట్టి బస్ మీద చూసి, అదే లోడు మీద నెలనెలా రాసుకుంటే, కెపాసిటర్ నీరసపడ్డకొద్ది అది పెరిగేది కనబడతది (1000 వోల్టుల క్యాట్ త్రీ సేఫ్టీ రేటింగున్న ప్రోబులు లేకుంటే మాత్రం అక్కడ చెయ్యి పెట్టకండి). అయితే ఇందులో ఒక మోసం ఉంది. మూడు ఫేజులు సమానంగుంటే రిపుల్ 300 హెర్ట్జ్‌ది, ఒక ఫేజు డల్లయితే దానికి 100 హెర్ట్జ్ వచ్చి కలుస్తది, రిపుల్ ఒక్కసారే ఎగురుతది. పోయిన సీజన్‌ల ఒక మిల్లులో కెపాసిటర్లు మార్పిద్దామని కూడ చెప్పేసిన, తీరా చూస్తే మెయిన్ స్విచ్చి కాడ ఒక ఫేజు లగ్గు (వైరు కొసకు బిగించే ముక్క) కాలి బొగ్గులెక్క నల్లగుంది. లగ్గు మార్చంగనే రిపుల్ మామూలుకొచ్చింది. అందుకే మొదలు మూడు ఫేజులు చూడాలె.

మిత్సుబిషీ ఇ700 లాంటి డ్రైవ్‌లల్ల అయితే కెపాసిటర్‌ని డ్రైవే కొలుసుకుంటది, పారామీటర్ 259 ల 1 పెట్టి పవర్ తీసి మళ్లీ ఇస్తే 258 ల శాతం వస్తది, 85కు దిగితే హెచ్చరిక. ఉన్నోళ్లు తప్పకుండ వాడండి.

వేడి లెక్క కూడ ఇడువొద్దు. 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దగ్గరదగ్గర రెట్టింపు, 105 డిగ్రీల కాడ 2000 గంటలది 65 కాడ 32000 గంటల దాక వస్తది. తవుడు దుమ్ము పట్టిన ఫ్యాన్ తుడిస్తేనే ఎంతో ఫరక్.

పెద్ద బస్ కెపాసిటర్లకు నా ఓటు రిపుల్‌కే, సీజన్ అయినంక ఈఎస్ఆర్‌తో ఖాయం చేసుకోవాలె. కంట్రోల్ బోర్డు మీది చిన్న వాటికి మాత్రం ఈఎస్ఆర్ మీటరే. ఇప్పుడు కొత్త డ్రైవ్ ఎక్కడ బిగించినా మూత లోపల మార్కర్‌తోని తారీఖు, లోడు, మూడు ఫేజుల వోల్టేజి, రిపుల్ రాసి పెడుతున్న.