ష్యూర్ అనాలా, సర్టెన్ అనాలా?

రెండింటికీ అర్థం నమ్మకంగా ఉండటమే. 'ఐ యామ్ ష్యూర్', 'ఐ యామ్ సర్టెన్' రెండూ ఒప్పే; రెండోది కాస్త గట్టిగా, కాస్త పుస్తకభాషలా వినిపిస్తుంది.

తేడా 'ఇట్' దగ్గర వస్తుంది. 'ఇట్ ఈజ్ సర్టెన్ దట్...' సరైనది. అక్కడ ష్యూర్ పెడితే తప్పు. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

అడిగినదానికి 'సరే, అలాగే' అనాలంటే ష్యూర్ ఒక్కటే. సర్టెన్ అంటే ఎదుటివాళ్లు అయోమయంగా చూస్తారు.

సర్టెన్‌తో ఇంకో చిక్కు: 'సర్టెన్ పీపుల్' అంటే నమ్మకమున్నవాళ్లు కాదు, 'కొందరు' అని. పేరు చెప్పకుండా చురక వేయడానికి భలే పనికొస్తుంది!

మాటల్లో, చాటింగ్‌లో ష్యూర్ చాలు. రిపోర్టులో ఒక విషయం ఖాయమని రాయాలంటే సర్టెన్ వాడండి.